రేసుకని కొన్న కారు

హనుమండ్లు డంపర్ ఆపరేటర్. గోదావరిఖని దగ్గర ఒక ఓపెన్‌కాస్ట్ గనిలో, బొగ్గు మీద పరుచుకున్న మట్టిని తీసుకెళ్లి గుట్టలుగా పోసే పెద్ద డంపర్లు నడుపుతాడు. నిచ్చెన ఎక్కి క్యాబిన్‌లో కూర్చుంటే చక్రం పక్కన నిలబడ్డ మనిషి కూడా కనిపించడు. ఏ డంపర్ ఎవరికన్నది షిఫ్టు మొదట్లో పేర్లు పిలిస్తే గాని తెలియదు. ఇవాళ ఎక్కింది రేపు ఇంకొకరిది. ఇరవై ఏళ్ల పనిలో ఏ బండినీ అతను తనదని అనుకోలేదు. అనుకునేవాళ్లను చూస్తే నవ్వేవాడు. తోటి ఆపరేటర్ కైలాసం కొత్త బైకు కొని, గేటు బయట చేతిరుమాలుతో ట్యాంకు తుడుస్తుంటే, "లాలబోసి జోకొట్టు, పండుకుంటది" అన్నది హనుమండ్లే. ఆ మాట షిఫ్టులో చాలా రోజులు తిరిగింది.

అందుకే పాత కార్ల పందెం సంగతి వచ్చినప్పుడు అందరి చూపూ అతని మీదికి పోయింది.

మంథని పక్క ఊళ్లో యాసంగి కోతలయ్యాక, ఎండిన చెరువు లోపల ఈ పందెం పెట్టడం కొన్నేళ్ల కింద మొదలైంది. తుక్కుకు పోయే కార్లే రావాలి. అద్దాలు తీసేయాలి, తలుపులు తాడుతో కట్టేయాలి, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ చెరువు చుట్టూ తిరగాలి. గెలిచిన కారు కూడా చాలాసార్లు ట్రాక్టరు వెనక కట్టుకునే ఇంటికి పోతుంది. కైలాసం ఒక ఏడు అది చూసి వచ్చాడు.

"ఆడ నడిపేటోళ్లంత వరికోత మిషన్లోళ్లు, కల్లాలకాడి ట్రాక్టరోళ్లు. మనం పోతే వాళ్లు నిలుస్తరా?" అన్నాడు రెస్ట్ షెల్టర్‌లో సద్ది విప్పుతూ. "హనుమండ్లన్న నడపాలె. ఆయనకు బండంటే ఇనుప ముక్క. మనమైతే గీత పడ్తదని భయపడ్తం."

"నడుపుత తియ్" అన్నాడు హనుమండ్లు. ఆ పొగడ్త అతనికి నచ్చింది.

దసరా తర్వాత పెద్దపల్లిలో ఒక రిటైరైన కాంపౌండర్ ఇంటిముందు టార్పాలిన్ కింద పడివున్న పాత మారుతి దొరికింది. ఒకప్పటి ఎరుపు ఎండకు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. దాదాపు తుక్కు ధరకే ఇచ్చారు. కారు హనుమండ్లు కొనాలని, పందెంనాటి ఖర్చులు మిగతావాళ్లు చూసుకోవాలని అనుకున్నారు.

దాన్ని హనుమండ్లు తన బామ్మర్ది రాజ్‌కుమార్ రిపేరు షెడ్డుకు చేర్చాడు. హనుమండ్లు భార్య సరోజనకు రాజ్‌కుమార్ ఒక్కడే తమ్ముడు. కరీంనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ దగ్గర బ్రేకుల పని నేర్చుకుని, ఏడాది కింద మంథని రోడ్డు మీద సొంతంగా షెడ్డు వేశాడు. గని కాలనీ వాళ్ల కార్లు ఇప్పుడిప్పుడే అతని దగ్గరికి రావడం మొదలైంది. ఒక ప్రైవేటు స్కూలు వ్యాన్లు కూడా అతనే చూస్తున్నాడు.

"ఇంజను మంచిగనే ఉంది బావా" అన్నాడు రాజ్‌కుమార్ కారు కింది నుంచి బయటికి వచ్చి. "బ్రేకులు మాత్రం మొత్తం కొత్తయి ఎయ్యాలె."

"గుద్దుకునేదానికి బ్రేకులెందుకుర?"

"గుద్దుకునుడు వేరు బావా, ఆగకపోవుడు వేరు. నువ్వు మా అక్క మొగనివి. నాకు భయముంటది."

వారం రోజులు దాని మీదే పనిచేశాడు.

పందెం ఎండాకాలంలో. అప్పటిదాకా బండి చెయ్యికి అలవాటు కావాలని హనుమండ్లు రోజూ కొంతదూరం నడిపాడు. మొదటిరోజే అతనికి వింతగా అనిపించింది ఏమిటంటే, రోడ్డు అంత దగ్గరగా ఉండడం. టైరు కింద రాయి నలిగితే పాదానికి తెలిసేది. పొద్దున చలిలో చోక్ లాగి కాసేపు ఆగాలి; తొందరపడితే ఆగిపోయేది. రెండో గేరు ఒక్కసారిగా పడదు. నడుమ ఒక క్షణం చెయ్యి నిలపాలి, అప్పుడు తానే జారి కూర్చుంటుంది. ఆ క్షణం ఆగడం చేతికి అలవాటైపోయింది. గనిలో డంపర్ గేరు దగ్గర కూడా చెయ్యి ఊరికే ఆగేది.

సరోజనను అంగడికి కారులో తీసుకుపోవడం మొదలైంది. ఒక ఆదివారం ధర్మపురి పోయి వచ్చారు. వచ్చేటప్పుడు ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. గుంత వచ్చినచోటల్లా అతను నెమ్మదించాడు. అది ఆమె కోసమో, కారు కోసమో అతనికే సరిగ్గా తెలియదు. నైట్ షిఫ్టు దిగి వచ్చి కూడా పడుకోకుండా, నీడ జరిగినప్పుడల్లా కారును జరిపేవాడు. సంక్రాంతి దాటాక కొత్త సీటు కవర్లు తెచ్చాడు.

"గుద్దుకునే కారుకు సీటు కవర్లెందుకయ్యా?" అంది సరోజన.

"చెమట పడ్తది."

"ఆహా. పందెంల నడిపేది ఎంతసేపు, నీకు పట్టే చెమటెంత!"

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. దొరికిపోయినట్టు ముఖం తిప్పుకున్నాడు.

కైలాసం అడుగుతూనే ఉన్నాడు: "అద్దాలు తీసినవా అన్నా?" "తీస్త." "ఎనక సీటు?" "అదెంతసేపు." ఉగాది పోయింది. కోతలు మొదలయ్యాయి. అద్దాలు అద్దాల్లాగే ఉన్నాయి. నేను నడపను అని చెప్పడానికి అతనికి ఎన్ని రోజులైనా ఉన్నాయి. కాని ఎందుకు నడపవు అంటే ఏం చెప్పాలి? ఆ కారుకు దెబ్బ తగిలితే చూడలేను అని చెప్పాలి. బైకు తుడుచుకునే కైలాసంతో చెప్పాలి. ఆ మాట నోటిలోకి వచ్చినప్పుడల్లా చెవులు వేడెక్కేవి.

పందెం నాడు షిఫ్టువాళ్లు రెండు ఆటోల్లో బ్యానరు కట్టుకుని వచ్చారు. రాజ్‌కుమార్ బైకు మీద స్క్రూడ్రైవర్లు, తాడు పట్టుకుని వచ్చాడు. చెరువు లోపల షామియానా వేశారు. మైకులో ఒకతను గొంతు చించుకుంటున్నాడు: "గోదారిఖని బొగ్గు పులులు యాడున్నరు? జల్ది రావాలె! జమ్మికుంట పత్తి మార్కెట్ తమ్ముళ్లు మీసం తిప్పుతుండ్రు!"

"అద్దాలు ఇప్పుత బావా, జర తలుపు తియ్" అన్నాడు రాజ్‌కుమార్.

"ఆగు. ముందు ఒక చుట్టు తిప్పి చూస్త."

వాళ్ల వంతుకు ముందు ఒక గుంపు కార్లు పందెంలోకి దిగింది. అందులోనూ ఒక మారుతి ఉంది, తెల్లది. రెండో మలుపులో ఒక జీపు దాని పక్కకు తగిలింది. తలుపు లోపలికి మడత పడింది. ముందు దీపం ఊడి, వైరుకు వేలాడింది. చెరువుగట్టు మీద జనం ఈలలు వేశారు. నడిపినవాడు కిటికీలోంచి బయటికి దూకి, నవ్వుకుంటూ కారును కాలితో తన్నాడు.

హనుమండ్లు తన కారులో ఒక చుట్టు తిరిగి వచ్చాడు. పందెం మొదలయ్యే గీత దగ్గరికి పోకుండా పక్కకు తీసి ఆపి దిగాడు.

"బ్రేకు పడ్తలేదు" అన్నాడు.

గనిలో ఆ మాటకు ఉన్న విలువ వేరు. ఆపరేటర్ బ్రేకు పడటం లేదని చెబితే ఆ బండి అక్కడే నిలబడుతుంది. ఫోర్‌మన్ గాని మేనేజరు గాని మళ్లీ అడగరు, ఒక్క ట్రిప్పు కొట్టి రమ్మని అనరు. ఏనాడో ఏదో గనిలో అలా అన్నందుకు ఒక మనిషి పోయాడని పనిలో చేరిన ప్రతివాడికీ పెద్దవాళ్లు చెబుతారు. జీతం పెరగకపోయినా, క్వార్టర్ రాకపోయినా, ఆ ఒక్క విషయంలో ఆపరేటర్ మాటే ఆఖరు.

ఆ ఏడే రిటైర్ కాబోతున్న తోటి ఆపరేటర్ లచ్చయ్య ముందుకు వచ్చాడు. "ఆపరేటర్ వద్దన్నడంటే వద్దు. అయిపాయె. బ్యానర్ ఇప్పుండ్రి."

కైలాసం బ్యానరు వైపు పోలేదు. రాజ్‌కుమార్ వైపు తిరిగాడు. "ఏం జేసినవ్‌ర? నీ చేతిల బండి పెడ్తే మనిషిని సంపుతవా?"

రాజ్‌కుమార్ అప్పటికే కారు కింద ఉన్నాడు. చక్రం చక్రం దగ్గరికీ పాకి, లేచి, పెడల్ తొక్కి చూశాడు. "మంచిగనే ఉన్నయ్ కైలాసమన్నా. ఆయిల్ కూడ కారలే. కావాలంటే నేను నడిపి సూపిస్త."

"ఎక్కకు! హనుమండ్లన్న ఇరవై ఏండ్ల సంది నడుపుతుండు. ఆయనకు తెల్వదా, నీకు తెలుసా?"

రాజ్‌కుమార్ బావ వంక చూశాడు. హనుమండ్లు వంగి, చెప్పులోని ఇసుక దులుపుకున్నాడు.

కారును తాడు కట్టి లాగుదామన్నారు. అక్కర్లేదు, చేతి బ్రేకు మీద నెమ్మదిగా తెస్తానన్నాడు హనుమండ్లు. లాగితే ముందు బంపర్ ఊడుతుంది. అప్పుడు కూడా అతని ఆలోచన అదే.

బ్రేకులేని బండిని ఒంటరిగా పంపడానికి వాళ్లు ఒప్పుకోలేదు. గనిలో చెడిపోయిన డంపర్ ముందు జీపు పోయినట్టు, రెండు ఆటోలూ ముందు నడిచాయి. వెనక ఆటోలోంచి లచ్చయ్య ఎర్ర తువ్వాల బయటికి చాపి పట్టుకున్నాడు. ఎదురుగా లారీ వస్తే కైలాసం రోడ్డు మీదికి దిగి చేతులూపి ఆపేవాడు. "పక్కకు తీయండ్రి! ఎనక బండికి బ్రేకు లేదు!" ఎండ మండిపోతోంది. పొద్దున్నుంచీ ఎవరూ తినలేదు. తన వల్ల పోయిన పందెం గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. హనుమండ్లు స్టీరింగు పట్టుకుని, మంచి బ్రేకు మీద కాలు పెట్టకుండా, వాళ్ల వీపులు చూస్తూ నడిపాడు.

కారు వెనక రాజ్‌కుమార్ బైకు మీద వస్తున్నాడు. ఒక ఊరి మూలమలుపులో ఆటోలు ముందుకు తిరిగాక, తుమ్మచెట్ల సందులోంచి బర్రె ఒకటి రోడ్డు మీదికి వచ్చింది. ఆలోచన కంటే ముందు కాలు పడింది. కారు ఉన్నచోటే ఆగిపోయింది. బర్రె తీరిగ్గా దాటిపోయింది.

వెనక బైకు కూడా ఆగింది. అద్దంలో రాజ్‌కుమార్ ముఖం కనిపించింది. అతని చూపు ఆగిన చక్రం మీద ఉంది. తర్వాత బైకును పక్కనుంచి తీసి ముందుకు వెళ్లిపోయాడు.

ఇక రాజ్‌కుమార్ ఆటోలను ఆపి చెబుతాడని హనుమండ్లు అనుకున్నాడు. అలా జరగలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా చెప్పలేదు. అక్క మొగుణ్ని నలుగురిలో అబద్ధాలకోరు అనడం ఆ ఇంటి పద్ధతి కాదు.

మాట మాత్రం కాలనీ అంతా పాకింది. హనుమండ్లు బామ్మర్ది వేసిన బ్రేకు చెరువు దగ్గర పనిచేయలేదట, ఇంకా నయం, పందెం మొదలు కాకముందే తెలిసిందట. చెప్పింది ఎవరో కాదు, డంపర్ ఆపరేటర్. స్కూలు వ్యాన్లు వేరే షెడ్డుకు పోయాయి. పిల్లలు తిరిగే బండ్లు, వాళ్లనూ తప్పు పట్టలేం. కాలనీ కార్లు రావడం తగ్గింది. రాజ్‌కుమార్ షెడ్డులో మోటారు సైకిళ్లకు పంక్చర్లు వేయడం మొదలుపెట్టాడు.

ఒక రోజు అతను అక్క ఇంటికి భోజనానికి వచ్చాడు. సరోజన అన్నం వడ్డిస్తూనే తిట్టింది.

"నాకు తలకాయ ఎత్తుకోరాకుంట చేసినవ్‌ర. కైలాసం పెండ్లాం నల్లా కాడ అడుగుతుంది, మీ తమ్ముడు పని నేర్సుకున్నడా, ఉత్తగనే బోర్డు పెట్టిండా అని. ఏం చెప్పాలె? మీ బావకేమన్న అయితే నా గతేంది? జర సోయి ఉండద్దా?"

రాజ్‌కుమార్ తల వంచుకుని ముద్ద కలిపాడు. "ఇంకింత పులుసు పొయ్యి అక్కా" అన్నాడు.

"పులుసొక్కటి తక్కువైంది!" అని పోసి, ఆమె భర్త వైపు తిరిగింది. గొంతు తగ్గింది. "చిన్నపోరడు. నువ్వు మనసుల పెట్టుకోకు. నా మొఖం చూసి మాఫ్ చెయ్యి."

హనుమండ్లు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా రాజ్‌కుమార్ ఒక్కసారి కళ్లెత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు. అతని చూపులో కోపం ఉన్నా బాగుండేది. బావ ఇప్పుడైనా నోరు తెరుస్తాడేమో అన్న ఎదురుచూపు ఉంది. హనుమండ్లు మంచినీళ్లు తాగాడు. "ఎండలు మస్తున్నయ్" అన్నాడు. ఆ రెండు మాటలు అతనికి రాత్రంతా వినిపించాయి.

మర్నాడు రెస్ట్ షెల్టర్‌లో అందరూ సద్దులు విప్పుతున్నప్పుడు, అతను తన డబ్బా మూత తీయకుండానే చెప్పాడు.

"ఆ నాడు బ్రేకు మంచిగనే ఉండె."

"ఏనాడు?" అన్నాడు కైలాసం.

"చెరువుకాడ. రాజ్‌కుమార్ తప్పేం లేదు. నేను అబద్ధం చెప్పిన. గుద్దుకుంటె కారు పల్గుతదని... పల్గుడు నాకు మనసొప్పలే."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కైలాసం పగలబడి నవ్వాడు. "నా బైకును లాలబోసి జోకొట్టుమన్నవ్ గదనే! నువ్వు తొట్టెలనే కట్టినవ్!"

"సీటు కవర్లు ఏసిండంటే గప్పుడే సమజ్ కావాలె" అన్నాడు ఇంకొకడు. "వదినెకు చీర తెచ్చిండో లేదో, కారుకు మాత్రం తెచ్చిండు."

నవ్వులు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఇన్ని నెలలు అతను భయపడింది ఈ నవ్వులకే. ఇప్పుడవి తేలిగ్గానే ఉన్నాయి. ఇంకాసేపు నవ్వితే బాగుండునని కూడా అనిపించింది. కాని లచ్చయ్య నవ్వలేదు. తింటున్న రొట్టె డబ్బాలో పెట్టేశాడు.

"హనుమండ్లూ, మనసొప్పకపోతే ఒప్పకపాయె. కడుపు నొస్తుందనకపోయినవా? తల తిరుగుతుందనకపోయినవా? మేం నమ్మకపోదుమా?"

హనుమండ్లు మూత తీయని డబ్బాను పక్కకు జరిపాడు.

"బ్రేకు మాటెందుకు తీసినవ్?"

దానికి జవాబుంది. ఆ మాట అంటే ఎవరూ మళ్లీ అడగరని తెలుసు కాబట్టి. కడుపు నొప్పంటే కైలాసం స్టీరింగు పట్టేవాడు. బ్రేకంటే ఎవరూ పట్టరు. ఆలోచించకుండా నోట్లోంచి వచ్చిందని ఇన్ని రోజులు తనకు తాను చెప్పుకున్నాడు గాని, అది అంతా తెలిసి ఎంచుకున్న మాట. దాన్ని పైకి చెప్పలేక నేల చూశాడు. నవ్వులు ఆగిపోయాయి. లచ్చయ్య లేచి, చేయి కడుక్కుని, తువ్వాల భుజాన వేసుకుని తన డంపర్ వైపు పోయాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సరోజనకు తెలిసిపోయింది. ఆమె కారు గురించి ఏమీ అడగలేదు. తలుపు దగ్గరే నిలబడి ఒకే మాట అంది.

"నేను వాన్ని తిట్టుకుంట అన్నం పెడ్తాంటె, కూసోని చూసినవ్."

తర్వాత చాలా రోజులు ఆమె ఆ కారెక్కలేదు. అంగడికి ఆటోలో పోయింది.

నిజం బయటికి వచ్చినా, రాజ్‌కుమార్ షెడ్డుకు పాత బండ్లన్నీ తిరిగి రాలేదు. కైలాసం తన అన్న కారు తెచ్చి ఇచ్చి, చెరువు దగ్గర తాను తిట్టడం తప్పేనని చెప్పాడు. కాలనీవాళ్లు కొందరు వచ్చారు. స్కూలు వ్యాన్లు రాలేదు. అక్కడ ఎవరికైనా నిజం చెప్పాలంటే మొదట అబద్ధం సంగతి చెప్పాలి. హనుమండ్లు ఒకసారి స్కూలు గేటు దాకా పోయి చెప్పి వచ్చాడు. విన్నాయన "సరేలెండి, ఇప్పుడు వేరే చోట అలవాటైంది" అన్నాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున కారు తీసుకుని షెడ్డుకు వెళ్లాడు. ఇదివరకైతే నేరుగా లోపలికి పోనిచ్చేవాడు. ఇప్పుడు బయట ఉన్న బండ్ల వెనక ఆపి, వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. రాజ్‌కుమార్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం బావా?"

"ఆయిల్ మార్సాలె. ఎనక బ్రేకు జర చప్పుడైతుంది, అది కూడ చూడు."

రాజ్‌కుమార్ కారు చుట్టూ తిరిగాడు. వెనక చక్రం దగ్గర ఒక నిమిషం ఆగాడు. తర్వాత దగ్గరికి వచ్చి, పక్కవాళ్లకు వినపడకుండా చెప్పాడు.

"ఆయిల్ మారుస్త. బ్రేకు నేను ముట్ట."

"రాజ్‌కుమార్..."

"కోపం లేదు బావా. ఇంటికొస్తవ్, నాతోని తింటవ్, తాగుతవ్, అదంత ఎప్పటోలెనే. కని నీ బండికి బ్రేకు మాత్రం వేరేటోళ్లతోని చేయించుకో. తాళంచెయ్యి ఇయ్యి."

హనుమండ్లు తాళంచెయ్యి ఇచ్చాడు. రాజ్‌కుమార్ చోక్ లాగి, ఆగి, కారును నెమ్మదిగా లోపలికి తీసుకుపోయాడు.

బయట బల్ల మీద ఒకాయన తన బండి కోసం కూర్చుని ఉన్నాడు. ఈ వైపు వాడు కాదు, మంచిర్యాల నుంచి వచ్చాడట. జరిగి చోటిచ్చాడు.

"ఈ పిలగాడు బ్రేకులు మంచిగ చేస్తడని పంపిండ్రు. నిజమేనా?" అని అడిగాడు.

"నిజమే" అన్నాడు హనుమండ్లు. "మంచిగ చేస్తడు."

"మీరు ఈయనతోనే చేయిస్తరా?"

హనుమండ్లు వినపడనట్టు లేచి, వాన చూస్తున్నట్టు రేకుల అంచుదాకా నడిచి అక్కడ నిలబడ్డాడు.